పెరటి పందిరిపై ద్రాక్ష – దాని రసము, దాని ఆసవము



ద్రాక్షతీగెను పెరటియందు పెంచుట యెట్లు, కాచిన పండ్లతో నేడు వైను అని పిలువబడు ద్రాక్షాసవమును ఇంటనే కొలదిగా చేసికొనవచ్చునా యని మన చదువరులలో ఒక సోదరి ప్రశ్నించియున్నారు. ప్రశ్నలు రెండుగా తోచినను వస్తువొక్కటియే. తీగె స్వభావము తెలిసినవారికి పండు దక్కును. పండు స్వభావము తెలిసినవారికి రసము గతి తెలియును. రసము గతి తెలియనివారు మందుసీసాపై ముద్రించిన మాటను సైతము చదువక విడుతురు. కావున ఈ మాసమున మొదట తీగెను, పిదప రసమును, అటుపై ఇల్లాలు తెలిసికొని తీరవలసిన యొక విషయమును ముచ్చటించుకొందము.

తీగె

ద్రాక్ష మన గ్రంథములకు క్రొత్త కాదు. అమరకోశము దీనిని మృద్వీక యనియు, గోస్తని యనియు పేర్కొనినది. ఆవు చన్నులవలె వ్రేలాడు పొడుగుపండ్ల గుత్తిని జూచినవారికి రెండవ పేరును వివరింపనక్కఱలేదు. నోట వేసికొనినంతనే రసము నొసగు కవిత్వమునకు ద్రాక్షాపాకమని మన ఆలంకారికులు పేరిడిరి. అయినను తెలుగునాట పందిరితోటలు వ్యాపించుట మిక్కిలి పాతకాలపు మాట కాదు. హైదరాబాదున 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ గారు అనాబ్-ఎ-షాహి యను రకమును ప్రవేశపెట్టిరి. రాచద్రాక్ష యని ఆ పేరున కర్థము. పెద్ద గుత్తులు, పొడవైన లేతపసుపు పండ్లు, లోపల గింజలు గల ఈ రకము నగరము చుట్టును బహుకాలము పండినది. నగరము పెరిగినకొలది ఆ తోటలనేకము ఇండ్లస్థలములైనవి. తోటలు పోయినను తీగె మన యింటికి రావచ్చును. దినమునకు ఆఱేడు గంటల యెండ, నీరు నిలువని నేల యున్న చాలును.

తినుటకు అనాబ్-ఎ-షాహియు, గింజలేని థాంప్సన్ రకమును అనుకూలములు. రసమునకు బెంగళూరు బ్లూ యను ముదురు ఊదారంగు ద్రాక్ష మేలు. దాని తోలు గుజ్జునుండి సులభముగ జారివచ్చును, వాసన చిక్కనిది.

పెన్సిలు లావున ముదిరిన కొమ్మను, మూడు నాలుగు కన్నులుండునట్లు, సుమారు అడుగు పొడవున కోయవలయును. అడుగుకొనను ఏటవాలుగను, పైకొనను అడ్డముగను కోసిన యెడల నాటునపుడు తలక్రిందులు గాకుండును. రెండు కన్నులు మట్టిలో మునుగునట్లు కుండీలో గ్రుచ్చి తడి యాఱకుండ చూచిన వేళ్లు పట్టును. తరువాత రెండున్నర అడుగుల గుంట త్రవ్వి, పైమట్టి, బాగుగ చివికిన పశువుల యెరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపి, అందు నాటవలయును. పందిరి ఆఱు మొదలు ఏడడుగుల యెత్తున నుండిన చాలును. మన చేయి అందని పందిరిపై తీగె మన మాట వినదు. మొక్కకు కఱ్ఱ నిలిపి, ఒక్క రెమ్మను మాత్రమే పైకి పోనిచ్చి, ప్రక్కరెమ్మలను గిల్లివేయుచుండవలయును. అది పందిరి నందుకొనిన పిదప కొన త్రుంచిన, ఇరుప్రక్కలకు రెండు చేతులు చాచును. ఆ రెండే తీగెకు ఆధారము. ఒకటిన్నర రెండేండ్లకు తొలికాపు చూడవచ్చును.

ఇక అసలు విద్య కత్తిరింపు. చలిదేశములలో శీతకాలమున ద్రాక్ష ఆకు రాల్చి నిద్రించును. వసంతమున మేల్కొని పూచును. మన యెండలయందు దానికి నిద్ర లేదు. ఏడాది పొడుగున ఆకు వేయుచునే యుండును. పూచు వేళను దానికి మన కత్తెరయే తెలుపవలయును. అందుచేత దక్కనున ఏటికి రెండు కత్తిరింపులు ఆచారము.

మొదటిది ఏప్రిలునందు, పండ్లు దిగిన పిదప. ప్రతి కొమ్మను ఒకటి రెండు కన్నులు మాత్రము విడిచి కోసివేయుదురు. ఎండకాలమున పచ్చని తీగెను మొండి చేయుట క్రూరముగ తోచును గాని, అటు పిమ్మట వచ్చు క్రొత్త రెమ్మల కన్నులలోనే రాబోవు కాపునకు బీజము పడును. ఆ రెండు నెలలు ఆ రెమ్మలకు వెలుతురు తగులవలయును. కావున గుబురైనచోట పలుచన చేయవలయును. రెండవ కత్తిరింపు అక్టోబరున. అపుడు ముదిరిన కొమ్మలపై రకమును బట్టి నాలుగు మొదలు ఎనిమిది కన్నులు విడుతురు. వానినుండి పూగుత్తులతోకూడ రెమ్మలు వచ్చి, ఫిబ్రవరి, మార్చి మాసములకు పండ్లు పక్వమగును. కత్తెర పెట్ట మనసు రానివారి పందిరి నీడ నిచ్చును గాని పండ్ల నీయదు.

అక్టోబరు కత్తిరింపు పిదప వానలు పడినచో ఆకుల యడుగున తెల్లని బూజు తెగులు వచ్చును. దీనికి బోర్డో మిశ్రమము ప్రసిద్ధమైన మందు. ఫ్రాన్సు దేశపు బోర్డో ప్రాంతమున బాటసారులు పండ్లు కోయకుండుటకై తోటవారు త్రోవప్రక్క తీగెలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లెడివారు. ఆ తీగెలకు మాత్రము తెగులు రాకుండుటను మిలార్డే యను శాస్త్రజ్ఞుడు గమనించి 1885 నాటికి ఆ మిశ్రమమును లోకమునకు తెలిపెను. ఇంటికి లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తము, 10 గ్రాముల సున్నము చాలును. రెంటిని వేఱువేఱుగ ప్లాస్టిక్కు గిన్నెలలో కరగించి పిదప కలుపవలయును. మెఱుగు పెట్టిన యినుపమేకును అందు ముంచిన ఎఱ్ఱపూత పట్టెనా, సున్నము చాలలేదని తెలియవలయును. ఆకులపై తెల్లని పొడివలె పట్టు బూడిద తెగులునకు గంధకపుపొడి వాడుదురు. కాయ పక్వమగుటకు నెలముందే ఈ మందులన్నియు ఆపి, పండ్లను బాగుగ కడిగి వాడుకొనవలయును.

మామిడివలె ద్రాక్ష కోసిన పిదప పండదు. పుల్లగ కోసినది పుల్లగనే యుండును. గుత్తికొననున్న పండు అన్నింటికంటె చివర పక్వమగును గాన దానిని నమలి చూచి, అది తియ్యనైన పిదపనే గుత్తిని కోయవలయును. పండుపై కనబడు సన్నని బూడిదపొర పండు తనకు తాను కల్పించుకొను మైనము. దానిని మందుమఱకగ భ్రమింపరాదు.

రసము

పండు నలిగి రసము గిన్నెలో నిలిచినది మొదలు అందు మార్పు ప్రారంభమగును. ఇది మన పల్లెలకు తెలియని సంగతి కాదు. తెల్లవాఱుజామున చెట్టునుండి దింపిన తాటినీరా తియ్యగ నుండును. ప్రొద్దెక్కినకొలది నురుగు గట్టి కల్లగును. మఱి కొన్ని దినములు విడిచిన ముక్కుపుటములదరు పులుపగును. ద్రాక్షరసమునకును ఇవే మూడు మెట్లు. ఈస్టు అను సూక్ష్మజీవులు చక్కెరను తిని, దానిని ఆల్కహాలుగను బొగ్గుపులుసుగాలిగను విడదీయును. నూఱు పాళ్ల చక్కెర బరువునకు సుమారు 51 పాళ్లు ఆల్కహాలు, 49 పాళ్లు గాలి వచ్చును. లీటరు రసమున సుమారు 17 గ్రాముల చక్కెర పులిసిన, నూటికి ఒక పాలు ఆల్కహాలు ఏర్పడును. బాగుగ పండిన ద్రాక్షరసమున లీటరునకు 200 గ్రాముల చక్కెర యుండును గాన వైనునందు నూటికి 12 పాళ్ల ఆల్కహాలు చేరుట వింత కాదు.

అంతటితో రసము ఆగదు. గాలి తగులుచున్నచో వేఱొక జాతి సూక్ష్మజీవులు ఆ ఆల్కహాలును పులుపుగ మార్చి వినెగరు చేయును. ఎవరును పట్టించుకొనక విడిచిన ద్రాక్షరసమునకు తుదిగమ్యము వినెగరే గాని వైను కాదు. వైను అనునది నడిమి మజిలీ. గాలి సోకకుండ మూతపెట్టి మనుష్యుడు అచ్చట నిలిపినది.

ఈ నిలుపుటను ఇంటింట నేర్చిన దేశము నల్లసముద్రపు తూర్పుగట్టున నున్న జార్జియా. అచ్చటి గృహస్థులు క్వెవ్రి యను గ్రుడ్డు ఆకారపు మట్టిబానను మెడవఱకు భూమిలో పాతుదురు. లోపల తేనెమైనము పూయుదురు. తూర్పుసీమయైన కఖేతియందు పండ్లను త్రొక్కి, తోలు, గింజ, కాడలతో సహా అందు పోసి, పులియునపుడు పైకి తేలు పిప్పిని క్రిందికి నొక్కుచుందురు. పొంగు అణగిన పిదప రాతిమూత పెట్టి, మట్టితో మెత్తి, ఐదాఱు మాసములు విడిచి వసంతమున తెఱతురు. భూమిలోని చల్లదనము పులియుటను నెమ్మదిగ నడిపించును. ధాన్యపు పాతర నెఱిగిన మనకు ఈ యేర్పాటు దూరపుదిగ తోపదు. యునెస్కో సంస్థ 2013లో ఈ పద్ధతిని మానవజాతి వారసత్వముగ గుర్తించినది. ఆ దేశమున త్రవ్వకములలో దొరకిన సుమారు 8000 ఏండ్లనాటి కుండపెంకులలో ద్రాక్షాసవపు జాడ కలదని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పెంకులలో ఇంకిన టార్టారికు ఆమ్లము వారికి ప్రధానమైన ఆనవాలు. ద్రాక్షరసపు సీసా నాలుగునాళ్లు ఫ్రిజ్జునందుంచిన అడుగున పేరుకొను గాజురవ్వవంటి పలుకులు ఆ ఆమ్లపు లవణమే.

మఱి మన యింట చేసికొనవచ్చునా? కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గూర్చిన ప్రకరణమును చదివినవారికి ఈ ప్రశ్న యెంత పాతదో తెలియును. ద్రాక్షరసపు పానీయమునకు అందు మధువని పేరు. కాపిశాయనమనియు, హారహూరకమనియు దేశముల పేరిట దాని భేదములు. కాపిశి నేటి కాబూలునకు ఉత్తరమున నుండెడి నగరము. కుటుంబీకులు కార్యములయందు తెల్లసురను, ఔషధార్థము అరిష్టమును చేసికొన అనుమతి యుండెను. తక్కినది రాజు అదుపున నుండెను. నేడు మన రెండు తెలుగు రాష్ట్రములలోను 1968 నాటి ఎక్సైజు చట్టముననుసరించి అనుజ్ఞాపత్రము లేక మత్తుపానీయమును తయారుచేయుట నేరము. కొంచెమైనను, అమ్మకున్నను, ఇంటివారికే యైనను చట్టమునకు భేదము లేదని తలచి మెలగుట మేలు. కావున ప్రశ్నించిన సోదరికి మా ప్రత్యుత్తరము: తీగెను తప్పక పెంచుడు, ఆసవమును మాత్రము చేయకుడు.

చట్టమును విడిచి చూచినను మఱియొక కారణము కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటయందు స్త్రీలు సారాదుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ గాలి రాష్ట్రమంతయు వ్యాపించి 1993 అక్టోబరున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ స్త్రీలు వైద్యగ్రంథములు చదివి కదలలేదు. కూలి డబ్బు ఇల్లు చేరకుండుటను, చేరిన మగనిచేత దెబ్బలు తినుటను ఎఱిగి కదలిరి. త్రాగుడు చొరని యింటిలోనికి దానిని మర్యాదపేరిట పిలుచుట యేల? ఏ కొలతయైనను ఆరోగ్యమునకు నిరపాయకరమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. స్త్రీలకు రొమ్ముపుండునకు మద్యము ఒక కారణమని వైద్యశాస్త్రము తేల్చినది. వైను సైతము దీనికి వేఱు కాదు.

అరిష్టము

ఇపుడు మేము మొదట సూచించిన విషయము. మద్యమును గుమ్మము దాటనీయని యిండ్లలోను అలమారునందు ద్రాక్షారిష్టమో, దశమూలారిష్టమో, అశోకారిష్టమో ఉండును. బాలింతకు బలమునకని, కన్నెపిల్లకు నెలసరి బాధకని, పసివానికి ఆకలికని పెద్దలు పోయుదురు. ఇవి కషాయములు మాత్రమే యని పలువురి నమ్మకము. శాస్త్రమెట్లు చెప్పుచున్నది? ఆసవమైనను అరిష్టమైనను పులియబెట్టినదే. అరిష్టమునకు మూలికలను కాచి కషాయము తీసి, బెల్లము కలిపి, ధాతకీపుష్పములు వేసి, కుండకు మూతకట్టి, ధాన్యపు రాశిలోనో భూమిలోనో నెలనాళ్లుంచుదురు. పాతిన జార్జియా బానకును, పాతిన అరిష్టపు కుండకును లోపల జరుగు పని యొక్కటియే. బెల్లపు తీపి ఆల్కహాలగును. మూలికల గుణము ఆ ఆల్కహాలున దిగి చెడక నిలుచును. అదియే మన వైద్యుల ఉపాయము. అందు తప్పు లేదు. తెలియక త్రాగుటయే తప్పు.

సీసాను త్రిప్పి చూడుడు. 'సెల్ఫ్ జెనరేటెడ్ ఆల్కహాల్' అని చిన్న అక్షరములలో ముద్రించి ప్రక్కన అంకె వేసియుందురు. తనంతట పుట్టిన ఆల్కహాలని దాని యర్థము. నూటికి 5 మొదలు 10 పాళ్ల వఱకు ఉండుట సాధారణము. బీరున తఱచు 5 పాళ్లుండును. వైద్యుడు చెప్పిన చెంచాల కొలతలో పుచ్చుకొనినపుడు కడుపులోనికి పోవునది స్వల్పమే. కాని గర్భిణి రక్తమునుండి ఆల్కహాలు శిశువునకు చేరును. త్రాగిన తల్లుల బిడ్డల యెదుగుదలకు కలుగు లోపములను 1973లో అమెరికా వైద్యులు వర్ణించి పేరు పెట్టిరి. బాలింత పాలలోనికిని అది చేరును. కావున గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు, పసిపిల్లలకు, కాలేయరోగులకు, నిద్రమందు వాడువారికి అరిష్టమును పొరుగింటి మాటపై ఈయరాదు. వైద్యునకు సీసాను చూపి, ఆల్కహాలు సంగతి నోట చెప్పి, అడిగి వాడవలయును. చెంచాకు బదులు లోటాతో కొలుచుకొను మగవారున్న యింట ఆ సీసాకు తాళము వేయుట అనుచితము గాదు.

పందిరి పండ్లకు పని

ఇక పండ్లను ఏమి చేయవలయును? గింజలేని రకమైన ఎండబెట్టి కిస్మిస్సు చేసికొనవచ్చును. సుమారు నాలుగు కిలోల పండ్లకు కిలో వచ్చును. తక్కిన వానికి రసమే యుత్తమము. దాని యుపాయమిది.

చెడినవానిని ఏరివేసి, కాడలు త్రుంచి, కడిగిన పండ్లను స్టీలుగిన్నెలో చేతితో నలుపవలయును. ఇత్తడి, రాగి, అల్యూమినియపు పాత్రలు పులుపునకు తగవు. కొలదిగ వేడిచేసి, గోరువెచ్చదనము దాటి చేయి పెట్టలేనంత వేడి కాగానే దింపి, పలుచని గుడ్డలో పిండవలయును. తెర్లనిచ్చిన వాసన పోవును. ఆ రసమును ఒక రాత్రి ఫ్రిజ్జునందుంచి, అడుగున దిగిన మడ్డిని కదలింపక పైతేటను వంచుకొనవలయును. శుభ్రమైన గాజుసీసాలలో మెడక్రిందివఱకు పోసి, అడుగున గుడ్డ పఱచిన నీటిగిన్నెలో నిలిపి, రసము 80 మొదలు 85 డిగ్రీల వేడిలో ఇరువది నిమిషములుండునట్లు చూచి, వేడిగానే మూత బిగింపవలయును. ఈ వేడి ఈస్టును చంపును. పాలపొట్లముపై పాశ్చరైజ్డ్ అని చదువుచున్నామే, ఆ పద్ధతిని లూయీ పాశ్చర్ గారు 1860ల దశకమున మొదట వైను చెడకుండుటకే కల్పించిరి. పాలకు అది పిదప వచ్చినది.

వేడి చేయని రసమును మాత్రము బిగిమూత సీసాలో దాచరాదు. లోపల పుట్టు బొగ్గుపులుసుగాలికి త్రోవ లేక సీసా పగిలి కంటికి ప్రమాదము కలుగును. అట్టి రసమును ఫ్రిజ్జునందుంచి రెండుమూడు దినములలో వాడివేయవలయును. మూత తీయగనే బుస్సుమని నురుగు లేచినను, నాలుకకు చురుక్కుమనినను ఆ రసము తియ్యని మెట్టు దాటినదని గ్రహించి, పిల్లల చేతికీయక పాఱబోయవలయును.

అక్టోబరున కత్తిరించినపుడు మిగులు కొమ్మలను పాఱవేయక, అడుగేసి ముక్కలుగ కోసి, ఇరుగుపొరుగు సోదరీమణులకు పంచిపెట్టుడు. రాబోవు సంచికలో పందిరిక్రింది నీడలో పెరుగు ఆకుకూరలను గూర్చి వ్రాయుదుము.